నూకాలప్ప వేలాడదీసిన కొబ్బరి చిప్ప

తడిసిన కొబ్బరి పీచు తాడుకి ఒక వాసన ఉంటుంది. పాత చాప, ఎండు చేప, వానలో తడిసిన మేక, ఈ మూడింటినీ ఒకే గదిలో పెట్టి తలుపు వేస్తే వచ్చే వాసన. అరకులో మా మనవడి కాఫీ కళ్ళంలో నిన్న మధ్యాహ్నం అది నా ముక్కుకి తగిలింది. కొండ మీంచి మబ్బు దిగి, చెప్పాపెట్టకుండా చినుకులు మొదలయ్యాయి. గచ్చు నిండా గింజలు ఆరబోసి ఉన్నాయి. కూలీలు అన్నాలకి వెళ్ళారు. నేను కుర్చీలోంచి లేవడమంటే ఈ మధ్య ఒక పెద్ద కార్యక్రమం. సగం లేచేసరికే ‘టక్’మని చప్పుడైంది. పైన వాసానికి చుట్టిపెట్టిన టార్పాలిన్ జరజరా జారి గింజల మీద పరుచుకుంది. చూస్తే మా ఆవిడ పైడమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో గరిటె. రెండో చేతిలో తాడు చివర వేలాడే కొబ్బరి చిప్ప.

ఆ చిప్ప ఎందుకని వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. దిష్టికా అని మొన్న ఒక ఆఫీసరుగారు అడిగితే అవునన్నాను. ఆయన చాలా సంతోషించాడు. మనవలకి మాత్రం వేరే కథ చెప్పాను. అందులో ఒక ఓడ, ఒక మొసలి, ఒంటి చేత్తో తుపానుని జయించిన ఒక యువకుడు ఉంటారు. ఆ యువకుడు ఎవరో మీరు ఊహించుకోవచ్చు. ఈ వయసులో ఆ కథ కొంచెం బరువుగా ఉంది, అందుకని సరిగ్గా రాసి దించుకుందామని కూర్చున్నాను. రాసింది మనవరాలు చదువుతుంటే పైడమ్మ పక్కన కూర్చుని వింటుంది గనక పెద్దగా కోతలు కొయ్యడానికి వీల్లేదు.

అప్పట్లో నాకు గోదావరి మీద నలభై అడుగుల ఓడ ఉండేది. సరే, ఓడ కాదు, పడవ. నలభై అడుగులూ కాదు, ఇప్పటి మా వసారాకి కొంచెం తక్కువ. మారేడుమిల్లి అడవి వెనకవైపు కొండలు దిగుకుంటూ వచ్చి పాపికొండల నడుమ నీళ్ళ దగ్గర ఆగిపోతాయి. అలా ఆగిన చోట చిన్న రేవు. కొండరెడ్ల ఇళ్ళు కొన్ని, మా ఇల్లొకటి, నూకాలప్ప గుడిసొకటి. నేను విజయనగరం వైపు మెరక పొలాల వాణ్ణి. వెదురు కంట్రాక్టరు దగ్గర పనికని ఇటు వచ్చి, పని మానేసి, ఒక ముసలి పడవ సంపాదించి ఉప్పు వ్యాపారం పెట్టాను. రాజమండ్రి నుంచి ఉప్పూ కిరసనాయిలూ ఎండుచేపా తెచ్చి కొండ సంతల్లో అమ్మడం, చింతపండూ కుంకుళ్ళూ చీపుళ్ళూ కిందికి తీసుకెళ్ళడం. మన్యం పితూరీ రోజులు గడిచి, కొండల్లో పోలీసు బూట్ల చప్పుడు తగ్గి, సంతలు మళ్ళీ కూడుతున్న కాలం. మా రేవుకి రోడ్డంటూ లేదు. డాక్టరు కావాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, ఆఖరికి అలిగి పుట్టింటికి పోవాలన్నా నదే దారి.

ఆ పడవకి ముగ్గురు మనుషులు కావాలి. తెరచాప ఎత్తే మోకు, అంటే లావు తాడు, పట్టుకుని మధ్య కొయ్య దగ్గర ఒకడు, తెరచాప కింది మూలల తాళ్ళ దగ్గర ఒకడు, వెనక చుక్కాని దగ్గర నేను. ఆ ఏడు నా కళాసీలిద్దరూ ఒకరి తరవాత ఒకరు రంగం, అంటే రంగూన్, వెళ్ళిపోయారు. మా వైపు కుర్రాళ్ళంతా అప్పట్లో రంగం ఓడ ఎక్కుతున్న వాళ్ళే. అప్పటికి పైడమ్మ రెండో పురుటికి పుట్టింటికి వెళ్ళి ఉంది, మా మూడేళ్ళ పెద్దపిల్లని తీసుకుని. ఆవిడ తండ్రి సన్యాసినాయుడు నాకు స్వయానా మేనమామ. పసివాడికి నెలలు వచ్చాయి, పంపించమని కబురు చేస్తే, కళాసీలు వెళ్ళిపోయిన సంగతి ఆయనకి ముందే తెలిసిపోయింది. ఊరినుంచి వచ్చిన మనిషి ఆయన మాటల్ని ఆయన గొంతుతో సహా అప్పజెప్పాడు.

“వైశాకంలో పిల్లనీ, పిల్లల్నీ నానే తెత్తాను. రాజమండ్రి రేవులో నీ పడవెక్కుతాను. మీ కొండ దాకా నువ్వొక్కడివే నడిపి సూపించు. నా మనసు కుదిరితే సామాను దించుతాను. కుదరకపోతే అదే పడవలో నా పిల్ల నాతో ఎనక్కొచ్చేత్తాది. నువ్వూ వచ్చీ. ఇక్కడ నా పొలం ఉంది, దున్నుకుందువు.”

ఆయన పొలం దున్నడంలో తప్పేమీ లేదు. కాని పైడమ్మకి ఈ కొండ నచ్చింది. తెల్లారి గుమ్మంలో కూర్చుంటే ఎదర కొండ నీడ నీళ్ళలో కరుగుతూ ఉంటుంది, అది చూడకపోతే నాకు కాఫీ దిగదు అనేది. కాఫీ అన్నది నేనిప్పుడు కలిపాను, అప్పుడు మేం గంజి తాగేవాళ్ళం. మిగతాది నిజం. ఆవిడ లేని ఆ నెలల్లో ఆ గుమ్మంలో కూర్చోవడం నేను మానేశాను.

నూకాలప్ప భీమిలి వైపు పిల్ల. పిల్ల అంటే అప్పటికే డెబ్భై ఉంటాయి. మొగుడు సముద్రం మీద తండేలు, అంటే పడవ పెద్ద. సముద్రానికి విసుగెత్తి కలప పడవల్లో పనికి గోదావరి మీదికి వచ్చాడు. ఆయన పోయాక ఆవిడ ఇక్కడే ఉండిపోయింది, తెరచాపలు కుట్టుకుంటూ, చేపలు ఎండబెట్టుకుంటూ. ఎప్పుడూ నోట్లో అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించిన కొస నోటి లోపల. ఆ నిప్పు ఆవిడ మాటల్లోకి ఎలా వచ్చేదో మీరు వింటే తెలిసేది. వంకర మనిషి. తనంతటి పనిమంతురాలు భీమిలి నుంచి బందరు దాకా లేదని రోజూ ఒకసారి ప్రకటించేది. ఆవిడ కథల్లో పెద్దది కత్తిపీట కథ. మొగుడు చుక్కాని మీద జ్వరంతో కూలిపోతే, గాలికి పడవ రాళ్ళమీదికి పోతుంటే, ఆవిడ చేపలు కోసే కత్తిపీటతో మోకు ఒక్క వేటుకి తెగ్గోసి, తెరచాప దించి, మొగుణ్ణి దక్కించుకుంది. ఒకసారి అది నదిలో జరిగేది, ఒకసారి సముద్రంలో. ఒకసారి వేటు ఒకటి, ఒకసారి మూడు. నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. కోతలు కొయ్యడం నాకు పుట్టుకతో వచ్చిందని పైడమ్మ అంటుంది. కాదు, చదువుకున్నాను.

పడవ ఒక్కడు నడిపేలా మార్చిపెట్టమని అడిగితే ఆవిడ వచ్చి ఒడ్డున నిలబడి చాలాసేపు చూసింది.

“ఇదేటిరా?”

“పడవ, అప్పా.”

“పడవని ఎవుడు సెప్పాడు నీకు? గోదారి మీద పందిరి. ఈ తెరసాప ఎవుడిది, దేవుడి కల్యాణానిదా?”

“పాతదే, కాని పెద్దది. గాలి బాగా పడుతుంది.”

“పడతాది. పట్టాక ఒగ్గమంటే ఒగ్గదు. బేగి ఎల్లి నా కత్తెర తే.”

ఆ కత్తెరతో ఆవిడ నా తెరచాపలో మూడోవంతు కోసి పారేస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. పెద్ద తెరచాపంటే నా పరువు, నేను వస్తున్నానని రెండు మలుపుల అవతలికి తెలిసేది. “నీ పరువు నేటి నుంచి నేల మీద పెట్టుకో. నీటి మీద సిన్న గుడ్డ సాలు,” అని, మిగిలినదాని కింది అంచుకి సన్నటి వెదురు పెట్టి కుట్టింది. దాంతో రెండు మూలలకీ రెండు తాళ్ళూ, వాటి దగ్గర మనిషీ అక్కర్లేకపోయింది. ఒకే తాడు, అది నా దగ్గరికి వస్తుంది. దాన్ని ఎక్కడ కట్టాలని అడిగితే కట్టకూడదంది. తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చోవాలి. గాలి విసిరికొట్టి పడవ ఒరిగితే మనిషి ఎలాగూ జరుగుతాడు, జరిగితే తాడు దానంతటదే జారుతుంది, గాలి పోతుంది. తెరచాప ఎత్తే మోకుని కొయ్య మొదట్లో ఒక కప్పీ మీంచి తిప్పి, పడవ నడుమ నీడకి వేసిన తడిక గూడు పక్కనుంచి వెనకదాకా తెచ్చింది. నా వీపు వెనక ఒక గూటం కొట్టి, దానికి జారుముడి వేసింది. తోక పట్టి లాగితే ముడి ఊడుతుంది, తెరచాప దభీమని కిందపడుతుంది.

“ఒక్క సేత్తో ఇప్పలేనిది పడవలో కట్టకు,” అంది. “రెండో సెయ్యి ఎప్పుడూ కాళీగా ఉండదు.”

పని మధ్యలో ఆవిడ వేసిన ప్రశ్నలు నాకు నచ్చలేదు. పైడమ్మ ఎంత పొడుగని అడిగింది. నా భుజం దాకా అన్నాను. కూర్చుంటే ఎంత అంది. పిల్లణ్ణి ఏ చంకనెత్తుకుంటుంది అంది. “ఎడం చంక. ఎందుకు నీకు?” అని చిరాకుపడ్డాను. పెళ్ళాన్ని దూరంగా పెట్టుకున్నవాడికి అలాంటి ప్రశ్నలు ఉప్పు రాసినట్టుంటాయి. ఆవిడ జారుముడి తోకకి ఇంకో తాడు కలిపి, దాన్ని తడిక గూడు లోపలికి తీసుకుపోయి, చివర ఒక కొబ్బరి చిప్ప కట్టి వేలాడదీసింది. పిల్లల ఆటకేమో అనుకున్నాను.

పడవంతా బాగుంది, తాడే పాతది, నాలుగుచోట్ల పీచు లేచింది. ఇక్కడ నేను స్వంత తెలివి ఉపయోగించాను. మా పొరుగు బుచ్చిరెడ్డి కొండ మీంచి అడ్డ తీగ నార తెచ్చి తాళ్ళు పేనేవాడు. ఆ తాడుతో కట్టిన కొండరెడ్ల ఇళ్ళు ఎంత గాలివానకీ కదలవు. దూలం విరుగుతుంది గాని కట్టు ఊడదు. అంతకంటే గట్టి తాడు ప్రపంచంలో ఉందా? నూకాలప్ప సంతకి వెళ్ళిన రోజు చూసి, ఆవిడ కట్టిన కొబ్బరి తాడంతా ఊడదీసి, సరికొత్త నార మోకు ఎక్కించాను. ఆవిడ వేసినట్టే జారుముడి వేశాను. మర్నాడు ఆవిడ ఒడ్డున కూర్చుని చుట్ట కాలుస్తుండగా దర్జాగా తెరచాప ఎత్తి బయల్దేరాను. పైరగాలి పట్టుకుంది. నా జీవితంలో అంత హాయిగా పడవ ఎప్పుడూ నడవలేదు. అప్పుడు వాన వచ్చింది. పెద్దదేం కాదు, నిన్న మా కాఫీ కళ్ళంలో పడినటువంటిదే. ఇక దించుదామని తోక లాగాను. ముడి కదల్లేదు. రెండు చేతులతో లాగాను. పళ్ళతో లాగాను. తడిసిన నార బిగుసుకుని గూటంతో ఏకమైపోయింది. పడవ మాత్రం నా బాధ పట్టనట్టు ఎదర ఒడ్డు దాకా వెళ్ళి ఇసుక దిబ్బ మీద ఎక్కి కూర్చుంది. తెరచాప ఇంకా నిండుగా ఉబ్బే ఉంది.

బుచ్చిరెడ్డి దోనె వేసుకుని వచ్చి చూశాడు. “మా తాడుకేం తప్పులేదు సావుకారూ. తడిస్తే బిగుసుద్ది. అందుకే ఇళ్ళకి కడతాం.” అతను కొడవలితో మోకు కోస్తుంటే అవతలి ఒడ్డు నుంచి నూకాలప్ప కేక నీళ్ళ మీద తేలి వచ్చింది. “బుచ్చీ, కొయ్యకురా! గుంటడు ఇల్లు కట్టుకున్నాడు. గోదారి మీద ఇల్లు. కాపరానికి మావగారొత్తన్నాడు!” వాళ్ళిద్దరూ ఆ మాట చెప్పుకుని మూడు సంతలపాటు నవ్వారు. నేను ఇరవై ఆరేళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. ఆవిడకి మాత్రం గుంటణ్ణే.

రాజమండ్రికి బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆవిడ కొత్త కొబ్బరి తాడు తెచ్చి, తనే మళ్ళీ అంతా కట్టి, గూడులో చాప మీద కూర్చుని చిప్ప ఎత్తు సరిచూస్తోంది. తన ఎడంచేతిని పిల్లణ్ణి ఎత్తుకున్నట్టు మడిచి, కుడిచేత్తో చిప్పని లాగింది. తెరచాప పడింది. మళ్ళీ ఎత్తమంది. చిప్పని రవంత కిందికి దించి మళ్ళీ లాగింది. నాకు విసుగేసింది.

“ఎందుకప్పా ఇది? నడిపేది నేను. మోకు నా వీపు దగ్గరే ఉంది కదా.”

ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది. చుట్ట తీసి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

“కత్తిపీటా నేదు, ఏటీ నేదురా,” అంది. “నాను కొయ్యనేదు. మా తండేలు తాడిసెట్టంత మడిసి. ఆడి సేతికి ఎక్కడ అందుతాదో అక్కడ కట్టుకున్నాడు మోకు. నాకూ అందాలని ఆడికి తోచనేదు. సెడ్డోడు కాదు. తోచనేదు, అంతే. ఆడు కూలిపోయాక నాను ఎగిరాను. ఎగిరెగిరి పట్టుకోబోయాను. అందనేదు. పడవే ఎల్లి ఇసకలో కూకుంది, మొన్న నీది కూకున్నట్టు. రాయి ఉంటే ఇద్దరం పోదుం.”

“మరి ఇన్నేళ్ళూ కత్తిపీట అన్నావు?”

“అందనేదని సెప్పుకోడానికి సిగ్గు కాదేటి? కోసీసినట్టు సెప్పుకుంటే ఆ మాటున్నంతసేపూ కోసీసినట్టే ఉంటాది.” చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. “ఒక్కడు నడిపే పడవ కట్టమన్నావు. కట్టాను. ఆ ఒక్కడూ నువ్వే అని ఎవుడు సెప్పాడు?”

ఈ మాట విని నేను కళ్ళు తెరిచానని రాస్తే బాగుంటుంది. తెరవలేదు. ముసలావిడకి పాత భయం అనుకున్నాను. అనుకుని ప్రవాహంతో పాటు రాజమండ్రి వెళ్ళాను.

మా మావయ్య గొడుగూ ట్రంకుపెట్టే పట్టుకుని రైలు దిగి రేవుకి వచ్చాడు. వెనక పైడమ్మ, ఎడం చంకలో పసివాడు, కుడిచేతి వేలు పట్టుకుని పెద్దపిల్ల. అన్ని నెలల తరవాత చూసి ఆవిడ నాతో అన్న మొదటి మాట: “బావా, తెరచాప సగానికి కుదించుకుపోయిందేటి, ఉతికావా?” నేనేదో చెప్పబోతే మావయ్య పడవ పక్కని గొడుగు మొనతో పొడిచి చూశాడు. ముందువైపు ఉప్పు బస్తాల మీద సింహాసనం వేసుకున్నట్టు కూర్చుని, కాళ్ళు బారచాపి, ఇక నడిపించు అన్నాడు.

గాలి అందుకుంది. తాడు తొడ కింద, చుక్కాని చేతిలో, మోకు వీపు వెనక. పోలవరం వైపు కొండలు నీలంగా కనబడుతున్నాయి. మావయ్య తప్పు పట్టడానికి చూస్తున్నాడు, దొరకడం లేదు. నేను లోలోపల పాడుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు గూడులోంచి మా పెద్దపిల్ల నవ్వు, టక్కున చప్పుడు. తెరచాప మొత్తం వెళ్ళి మావయ్య నెత్తిన పడింది. గుడ్డ కింద గొడుగు అటూ ఇటూ పొడుచుకుంటోంది.

“ఇదేటిరా! పడవా, బొమ్మలాటా? మూడేళ్ళ గుంట లాగితే పడిపోయే తెరసాప నమ్ముకుని నా పిల్లని తెమ్మన్నావా?”

“చిన్న సర్దుబాటు, మావయ్యా. ఊరికే ఆటకి కట్టాం,” అంటూ లేచి, ఆ చిప్పనీ తాడునీ గూడు పైకప్పులోకి ఎగదోసి దోపేశాను. ఆయన ముందు నా పరువు పోయిందన్న మంట తప్ప బుర్రలో ఇంకేం లేదు. మళ్ళీ తెరచాప ఎత్తి కూర్చున్నాక పైడమ్మ మెల్లిగా అడిగింది.

“ఇది కట్టింది నూకాలప్పేనా?”

“ఆవిడే. చాదస్తం.”

“అప్ప ఊరికే ఏదీ కట్టదు బావా,” అని, లేచి, చిప్పని పైకప్పులోంచి లాగి, పిల్లకి అందకుండా తన మోకాలి కింద పెట్టుకుని కూర్చుంది. నేను చూడనట్టు చుక్కాని సర్దుకున్నాను.

మర్నాడు పాపికొండల సందులోకి వచ్చాం. అక్కడ గోదావరి సన్నబడుతుంది. రెండు పక్కలా కొండలు నిటారుగా నీళ్ళలోంచి లేస్తాయి, గాలి ఎటునుంచి వస్తుందో దానికే తెలియదు. బుచ్చిరెడ్డి నాకు ముందే చెప్పాడు, ఆ సందులో నీళ్ళు చూడొద్దు, కొండ నెత్తిన వెదుళ్ళు చూడమని. అవి ఒక్కసారిగా వెల్లకిలా పడితే గాలి దొర్లుకుంటూ దిగుతున్నట్టు. నేను వెదుళ్ళు చూడలేదు. మావయ్యకి పులి కథ చెబుతున్నాను. నేను పడవ మీంచి గడతో పులిని బెదిరించిన కథ. ఆ పులి నిజానికి అడవిపంది, అదీ ఒడ్డునే ఉంది, బెదిరింది నేను.

కథ మధ్యలో నది నల్లబడింది. కొండ మీంచి గాలి గోడలా పడింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. నూకాలప్ప చెప్పినట్టే నేను జరిగాను, తాడు తొడ కిందనుంచి జారింది. కాని జారిన తాడు చుక్కాని పిడికి చుట్టుకుని పట్టేసింది. తెరచాప గాలి వదల్లేదు. ఎదర నీళ్ళలోంచి నల్లరాయి ఒకటి పైకి లేచి కనబడుతోంది. చుక్కాని వదిలితే దాని మీదికి పోతాం. చుక్కాని పట్టుకుంటే వీపు వెనక గూటాన్ని అందుకోలేను. మోకు నా వెనక జానెడు దూరంలో ఉంది. జానెడే. నా రెండు చేతులూ ఖాళీ లేవు.

మనవలకి చెప్పే కథలో ఇక్కడ ఆ యువకుడు పళ్ళతో తాడు కొరికి తెంపుతాడు. యాభై ఏళ్ళుగా కొరుకుతూనే ఉన్నాడు. జరిగింది వేరు. నేను అరిచాను, ఏమని అరిచానో నాకే తెలియదు. పడవలోకి ఒక పక్కనుంచి నీళ్ళు వచ్చాయి. పెద్దపిల్ల తల్లి మెడ పట్టుకుంది. పైడమ్మ ఎడం చంకలో పసివాడు ఉన్నాడు. ఆవిడ లేవలేదు, ఎగరలేదు, చెయ్యి చాపక్కరలేకపోయింది. మోకాలి కిందనుంచి చిప్ప తీసి లాగింది. టక్. తెరచాప కూలింది. పడవ ఒళ్ళు విదుల్చుకున్నట్టు లేచి నిటారుగా నిలబడింది. నల్లరాయి మా పక్కనుంచి చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా వెళ్ళిపోయింది. తెరచాప మళ్ళీ మా మావయ్య నెత్తినే పడింది. ఈసారి ఆయన గొడుగుతో పొడవలేదు. చాలాసేపు ఆ గుడ్డ కిందే కూర్చుండిపోయాడు.

తెరచాప మళ్ళీ ఎత్తి, ఈసారి వెదుళ్ళు చూసుకుంటూ మా రేవు చేరాం. ఒడ్డున బుచ్చిరెడ్డీ నూకాలప్పా నిలబడి ఉన్నారు. నేను దిగి పడవ పట్టుకున్నాను. నా కళ్ళు ట్రంకుపెట్టె మీదే ఉన్నాయి. మావయ్య గూడులోకి వంగి కొబ్బరి చిప్పని చేతిలోకి తీసుకుని, తాడు వెంట చూపు నడిపించి, గూటం దాకా, జారుముడి దాకా చూశాడు.

“ఇది ఎవుడి తెలివి?”

“నాదే మావయ్యా,” అన్నాను. అలవాటు. నోరు అలా పలికేసింది. పైడమ్మ నావైపు చూసింది. కోపంగా కాదు. ఎంత దూరం పోతానో చూద్దామన్నట్టు చూసింది. “నాది కాదు,” అన్నాను. “నూకాలప్పది. ఎందుకు కట్టిందో చెప్పినా నాకు ఎక్కలేదు. మీ ముందు పరువు పోయిందని పైకి దోపేశాను. మీ అమ్మాయి కిందికి తీసింది. లాగిందీ మీ అమ్మాయే.” చెప్పాక ఇక ఆయనే నిర్ణయించుకుంటాడని తల వంచుకుని నిలబడ్డాను. పొలం, నాగలి, అన్నీ కళ్ళకి కట్టాయి.

“పైడీ,” అన్నాడు మావయ్య. “ఏటంటావే? ఎల్దామా?”

“నా ఇంటికొచ్చాక ఇంకెక్కడికి నాన్నా?” అంది. “ఇప్పుడు నాకూ అందుతాది కదా.”

ఆయన ట్రంకుపెట్టెని తనే భుజానికెత్తుకుని దిగాడు. దిగి తిన్నగా నూకాలప్ప ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఏదో గంభీరంగా అనబోయాడు. ఆవిడ ఆయన తలమీది కందిన గీత చూసి, “నీ బుర్రకి ఎన్నిసార్లు తగిలిందయ్యా?” అంది. రెండుసార్లన్నాడు. “ఇంకోటుంటే బాగా దిగును,” అంది. ఆయన అక్కడ ఒక పక్షం ఉన్నాడు. రోజూ పొద్దున్న ఆవిడతో పోట్లాడటానికి వెళ్ళేవాడు, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. వెళ్ళే రోజున ఆవిడ ఆయనకి కత్తిపీట కథ చెప్పింది, ఈసారి సముద్రంలో, ఒకే వేటుకి. నేను అక్కడే ఉన్నాను. ఆవిడ నావైపు చూసింది. నేను నోరు తెరుచుకుని, మొదటిసారి వింటున్నట్టు విన్నాను.

ఆ పడవ మీద మేం చాలాకాలం తిరిగాం. కొన్నాళ్ళకి పైడమ్మ నన్ను ఇంట్లో పిల్లల దగ్గర వదిలి, ఒక్కతే సంతకి ఉప్పు తీసుకెళ్ళి అమ్ముకొచ్చేది. నాకంటే ఎక్కువే అమ్మేది. నూకాలప్ప ఒక వానాకాలంలో, కొత్త తెరచాప కుడుతూ, దాన్ని ఒళ్ళో పెట్టుకునే పోయింది. చివరి కుట్లు బుచ్చిరెడ్డి అడ్డ నారతో పూర్తిచేశాడు. అవి ఇప్పటికీ ఊడి ఉండవు.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవి రెండు. కోతలు కొయ్యడం మొదటిది, అది మీరు చూస్తూనే ఉన్నారు. ఎక్కడ ఆపి నిజం చెప్పాలో కూడా ఆవిడే చూపించింది గాని అది సగమే వచ్చింది. రెండోది చేతికి వచ్చింది. ఏది కట్టినా, పందిరైనా, బావి చేదైనా, మనవడి టార్పాలినైనా, కట్టేముందు నా చెయ్యి ఎక్కడికి అందుతుందని చూసుకోను. పైడమ్మ నడుము ఈ మధ్య వంగుతోంది. ఆవిడ ఒప్పుకోదు. నేనూ అనను. ప్రతి ఏడూ కాఫీ గింజలు కళ్ళానికి వచ్చేముందు, ఆవిడ లోపల ఉన్నప్పుడు చూసి, ఆ కొబ్బరి చిప్పని రవంత కిందికి దించి కడతాను. నిన్న వానలో ఆవిడ దాన్ని చూడకుండానే అందుకుంది.